నూరు యోజనాల లెక్క

"ధైర్యంగా ఉండరా, నువ్వు చెయ్యగలవు."

2024 వసంతకాలంలో రెండు నెలలపాటు మా మేనల్లుడికి నేను రోజూ చెప్పిన మాట ఇది. పొద్దున్న కాఫీ కప్పు చేతికిస్తూ చెప్పాను, ఆఫీసుకి బయలుదేరుతూ చెప్పాను, రాత్రి పెరుగన్నం కలుపుకుంటూ చెప్పాను. దానివల్ల వాడికి ఇసుమంతైనా ప్రయోజనం కలగలేదని ఇప్పుడు తీరిగ్గా ఒప్పుకుంటున్నాను. ఎందుకు కలగలేదో, చివరికి దేనివల్ల కలిగిందో నాకు అర్థమైనంత మేరకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందే ఒక మనవి. నేను మనస్తత్వశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. ఇరవై ఏళ్ళకు పైగా సాఫ్టువేరు రాసుకుంటూ బతుకుతున్న ఇంజనీరుని. ప్రోగ్రాము పనిచెయ్యకపోతే ఎక్కడ చెడిందో వెతకడం నాకు వృత్తిరీత్యా అబ్బిన అలవాటు. ఈసారి ఆగిపోయింది ప్రోగ్రాము కాదు, ఇంట్లో పిల్లవాడు. అందుకని వెతుకులాట కాస్త పట్టుదలగానే సాగింది.

మావాడి సంగతి

మావాడు ఆంధ్రాలో ఇంజనీరింగు చదివి, ఇక్కడికొచ్చి ఎం.ఎస్. చేసి, 2023 డిసెంబరులో పూర్తిచేశాడు. మన పిల్లల్లో చాలామంది లాగే ఓ.పి.టి. మీద ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఈ ఓ.పి.టి. గురించి తెలియనివారికి ఒక్క మాట. చదువయ్యాక విద్యార్థి తను చదివిన రంగంలో ఏడాదిపాటు పనిచేసుకోవడానికిచ్చే అనుమతి అది. అందులో ఉద్యోగం లేకుండా గడిపే రోజులు మొత్తం 90కి మించకూడదు. అంటే అనుమతి మొదలైన రోజునుంచీ తలమీద ఒక గడియారం తిరుగుతూ ఉంటుందన్నమాట. అవతల మా అక్కా బావగారూ ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు మీద వడ్డీ ఇంకో గడియారం.

పదకొండు కంపెనీలు మావాణ్ణి ఇంటర్వ్యూకి పిలిచాయి. పదకొండు చోట్లా మొదటి ఫోను సంభాషణ బాగానే జరిగేది. అసలు ప్రశ్నలు అడిగే రెండో మెట్టు దగ్గరకు వచ్చేసరికి వాడి నోరు పెగిలేది కాదు. తెలియక కాదు. ఫోను పెట్టేసిన పది నిమిషాలకి అదే లెక్కని కాగితం మీద చక్కగా చేసి నాకు చూపించేవాడు. అద్దె ఒప్పందం అయిపోవడంతో రెండు సూటుకేసులతో మా ఇంటికి వచ్చేశాడు.

వాడికి నోటుబుక్కులో రాసుకునే అలవాటుంది. ఈ వ్యాసం రాస్తున్నానంటే కొన్ని పేజీలు చదువుకోనిచ్చాడు. వాడి అనుమతితోనే మూడు మాటలు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

ఒకటి: "ఒక ప్రశ్న తప్పితే తరవాతి ప్రశ్న చెవికి వినపడుతుంది గాని బుర్రకి వినపడదు."

రెండు: "పరుగుకి వెళ్దామని బూట్లు తీశాను. మళ్ళీ లోపల పెట్టేశాను. ఉద్యోగం వచ్చాక మొదలుపెడతాను."

మూడు: "ఏడో తరగతిలో జిల్లా పోటీల్లో సెమీఫైనల్ దాకా ఆడినవాణ్ణి నేనేనా?"

ఆ మూడో మాట బాడ్మింటన్ గురించి. ఇంటర్మీడియట్‌లో హాస్టలు కాలేజీలో వేసిన రోజున రాకెట్టు అటకెక్కింది. మన ఇళ్ళల్లో ఎన్ని రాకెట్లకి, ఎన్ని వీణలకి అదే గతి పట్టిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక శనివారం వాణ్ణి బలవంతంగా మా ఊరి కమ్యూనిటీ సెంటరుకి తీసుకెళ్ళాను. అక్కడ అరవై దాటిన ఒక పెద్దాయనతో ఆడాడు. 15-9 తో ముందున్నాడు. ఒక్క సర్వీసు నెట్టుకి తగిలింది. అంతే, ఆ తరవాత కొట్టినవన్నీ గీత అవతలే. 21-16 తో ఓడిపోయాడు. కారులో కూచున్నాక చాలాసేపు మాట్లాడలేదు. ఇంటి దగ్గర పడుతున్నామనగా, "మామయ్యా, ఇంటర్వ్యూలో జరిగేది సరిగ్గా ఇదే," అన్నాడు.

మూడు వేరువేరు జబ్బులనుకున్నవి ఒకే జబ్బని నాకు తట్టింది అప్పుడే.

వానరసభలో ఒక కొలత

మనం ఎవరికైనా ధైర్యం చెప్పాలంటే హనుమంతుడి కథ చెబుతాం. ఆయన తన బలం తాను మరిచిపోయాడట, జాంబవంతుడు గుర్తుచెయ్యగానే సముద్రం దాటాడట. కనుక మనం కూడా పిల్లలకి "నువ్వు హనుమంతుడివిరా" అని చెబితే సరిపోతుందనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. కాని ఆ ఘట్టాన్ని వాల్మీకి కిష్కింధకాండలో ఎలా నడిపించాడో మళ్ళీ చూస్తే సంగతి వేరుగా ఉంది.

సముద్రపుటొడ్డున కూచున్న వానరులను అంగదుడు అడుగుతాడు, ఎవరెంత దూరం దూకగలరని. గజుడు పది యోజనాలంటాడు. గవాక్షుడు ఇరవై అంటాడు. అలా ఒక్కొక్కరూ పెంచుకుంటూ పోతారు. జాంబవంతుడు వయసు మీదపడింది, తొంభై దాకా పోగలనంటాడు. అంగదుడు తాను నూరూ దూకగలను గాని తిరిగి రాగలనో లేదో సందేహమే అంటాడు. ఎవరూ "నాకు ఆత్మవిశ్వాసం ఉంది" అనలేదు, "లేదు" అనీ అనలేదు. ఫలానా పని, ఫలానా మేరకు చెయ్యగలనని అంకె వేసి చెప్పారు.

ఇరవయ్యో శతాబ్దంలో ఇదే కొలతను శాస్త్రంలోకి తెచ్చినవాడు ఆల్బర్ట్ బాండూరా. 1925లో కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో మండేర్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు తూర్పు యూరపు నుంచి వలస వచ్చినవారు. ఆయన చదివిన హైస్కూల్లో ఇద్దరే ఇద్దరు ఉపాధ్యాయులు. అక్కడినుంచి వెళ్ళి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు ఆచార్యుడిగా పనిచేసి, 2021లో తన 95వ ఏట కన్నుమూశాడు. 1977లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఆయన సెల్ఫ్ ఎఫికసీ అనే భావనను ప్రతిపాదించాడు. దీన్ని మనం "చెయ్యగలనన్న నమ్మకం" అనుకుందాం.

"నేను గొప్పవాణ్ణి" అనుకోవడం వేరు, "ఈ పని ఈ మేరకు చెయ్యగలను" అనుకోవడం వేరు. బాండూరా పట్టించుకున్నది రెండో దాన్ని. అది మనిషికి మొత్తంగా ఉండేదీ లేనిదీ కాదు, పని పనికీ మారుతుంది. నలుగురికి గారెలు అలవోకగా వండే ఇల్లాలు నలభైమందికనేసరికి జంకవచ్చు. కొలిచేటప్పుడు కూడా మెట్లుమెట్లుగా అడుగుతారు. పది నిమిషాలు నడవగలనని నూటికి ఎంత నమ్మకం? ఇరవై నిమిషాలు? వాన పడుతున్న రోజున? ఆఫీసులో అలిసిపోయి వచ్చిన రోజున? అచ్చంగా వానరుల లెక్కే.

నాలుగు ఊటలు

ఈ నమ్మకం ఎక్కడినుంచి ఊరుతుంది? బాండూరా నాలుగు ఊటలు చూపించాడు. నాలుగింటికీ ఒకే బలం లేదన్నదే ఇందులో కీలకం.

మొదటిది, అన్నిటికన్నా బలమైనది, స్వయంగా చేసి నెగ్గిన అనుభవం. బాండూరా పాములంటే విపరీతంగా భయపడేవారితో ప్రయోగాలు చేశాడు. భయపడవద్దని వాళ్ళకి ఉపన్యాసాలివ్వలేదు. తోడుగా ఒకరుండి చేసి చూపిస్తూ, ముందు పామున్న చోటికి చేరువ కావడం, తరవాత చేతికి తొడుగు వేసుకుని తాకడం, ఆ తరవాత ఉత్త చేత్తో పట్టుకోవడం, ఇలా మెట్టు మెట్టుగా ఎక్కించాడు. ఇతరులు పట్టుకుంటుంటే చూసినవారి నమ్మకం కొంత పెరిగింది. స్వయంగా పట్టుకున్నవారి నమ్మకం అంతకన్నా బాగా పెరిగింది.

రెండోది, మనలాంటివారు చేస్తుండగా చూడడం. ఇక్కడ "మనలాంటివారు" అన్న మాటని గట్టిగా పట్టుకోవాలి. చూసేవాడికి తనకూ అతనికీ పోలిక కనపడాలి. తడబడకుండా చేసే మొనగాడికన్నా, తడబడి సర్దుకుని చేసినవాణ్ణి చూస్తే జంకేవాడికి ఎక్కువ మేలు జరుగుతుందని ఆ తరవాతి పరిశోధకులు గమనించారు.

మూడోది, నమ్మదగినవాళ్ళు చెప్పే మాట. ఇది పనికిరానిది కాదు గాని బలం తక్కువ. చెప్పగానే నమ్మకం పుట్టవచ్చు, ఒక్క ఓటమితో పోనూవచ్చు.

నాలుగోది, మన ఒళ్ళు మనకు చెప్పే మాట. గుండె దడ, అరచేతుల్లో చెమట, ఎండిన నోరు. వీటిని మనం ఎలా అర్థం చేసుకుంటామన్న దాన్నిబట్టి నమ్మకం పెరగడమో తరగడమో జరుగుతుంది.

ఈ జాబితా చదివిన రాత్రి నేను చేసిన నిర్వాకం నాకు కళ్ళకు కట్టింది. రెండు నెలలుగా నేను వాడిన ఊట మూడోది ఒక్కటే. పైగా రెండోదాన్ని తలకిందులుగా వాడాను. "మా ఆఫీసులో ఫలానావాళ్ళ అబ్బాయికి మూడు ఆఫర్లు వచ్చాయట" అన్నాను. అది ఆదర్శం చూపించడం కాదు, పుండు మీద కారం చల్లడం. మన పెంపకాల్లో ఇది తరతరాలుగా వస్తున్న వైద్యమే. చేతినిండా ర్యాంకులవాళ్ళ కథలు, నోటినిండా "ధైర్యంగా ఉండు" అన్న మందు. చిన్నచిన్న గెలుపులు దొరికే మెట్లు మాత్రం ఎక్కడా కట్టం.

ఇంటర్వ్యూకి మెట్లు

అందుకని ఉపన్యాసాలు కట్టిపెట్టి ఇద్దరం కూచుని మెట్లు కట్టాం. మొదటి మెట్టు, ముందే చేసిన లెక్కని గోడకి వినపడేలా పైకి చెబుతూ చెయ్యడం. నవ్వొచ్చేంత తేలిక. కాని వాడు అంతవరకు ఒక్కసారి కూడా పైకి మాట్లాడుతూ లెక్క చెయ్యలేదు! ఇంటర్వ్యూలో అడిగేది అదే. పదహారేళ్ళు కాగితం మీద నిశ్శబ్దంగా పరీక్ష రాసినవాణ్ణి, తెలియని మనిషి ముందు ఆలోచనని మాటల్లో పెట్టమంటే నోరు పెగలకపోవడంలో వింతేముంది?

రెండో మెట్టు నా ముందు చెప్పడం. మూడో మెట్టు, వాడికి పరిచయంలేని నా స్నేహితుడికి ఫోనులో చెప్పడం. నాలుగోది వాడే కనిపెట్టాడు. "మామయ్యా, ఇవాళ నేను నిన్ను ఇంటర్వ్యూ చేస్తాను," అన్నాడు. సరేనన్నాను. ఇరవై ఏళ్ళ అనుభవం ఉందన్న ధీమాతో కూచున్న నేను మూడో ప్రశ్నకే చతికిలపడ్డాను. కాసేపు నీళ్ళు నమిలి, "ఇది నాకు వెంటనే తట్టడం లేదు, చిన్న ఉదాహరణతో మొదలుపెడతాను," అని మెల్లిగా లాక్కొచ్చాను. వాడి మొహంలో అన్నాళ్ళకి వెలుగు చూశాను. మామయ్య ఓడిపోయినందుకు కాదు, తట్టకపోయినా ఆట కొనసాగుతుందని కళ్ళారా చూసినందుకు.

ఆ రాత్రి నా పాతకథ ఒకటి చెప్పాను. నేను ఇంజనీరింగు ముగించేసరికి డాట్‌కామ్ బుడగ పేలిపోయి ఉంది. 2002లో హైదరాబాదులో ఒక కంపెనీలో ఇంటర్వ్యూ. నాకెంతో బాగా వచ్చిన ప్రశ్నే అడిగారు. బోర్డు దగ్గర చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను, చెయ్యి కదలలేదు. "థాంక్యూ" అని చెప్పి పంపించేశారు. బస్సులో అమీర్‌పేట దాకా కిటికీలోంచి చూస్తూ కూచున్నాను. ఈ సంగతి అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మనం పిల్లలకి మన జీతాలు చెబుతాం, ఇళ్ళ ధరలు చెబుతాం, చేసిన తప్పులు మాత్రం దాచిపెడతాం. దాంతో వాళ్ళకి తడబడి సర్దుకున్న మనిషి ఇంట్లోనే ఉన్నా కనపడడు.

ఇంటర్వ్యూ అనే కొలబద్ద గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇంటర్వ్యూలో వచ్చిన మార్కుకీ, ఉద్యోగంలో చేరాక చేసిన పనికీ ఎంత పొంతన ఉందో పరిశోధకులు చాలాకాలంగా లెక్కకడుతున్నారు. పూర్తి పొంతన ఉంటే 1, అసలు లేకపోతే 0. పాల్ సాకెట్ బృందం 2022లో పాత పరిశోధనలన్నీ తిరగదోడి చూస్తే, అందరినీ ఒకే ప్రశ్నలు ఒకే పద్ధతిలో అడిగే ఇంటర్వ్యూలకి 0.42 వచ్చింది. తోచిన ప్రశ్నలు అడిగే పిచ్చాపాటీ ఇంటర్వ్యూలకి 0.19. వాళ్ళు పరిశీలించిన పద్ధతులన్నిటిలోకీ ఆ 0.42 దే పైస్థానం! అంటే అన్నిటికన్నా మంచి కొలబద్ద కూడా సగం చూపుతోనే కొలుస్తోందన్నమాట. ఒక కంపెనీ వద్దంటే అది ఒక మసక కొలబద్ద మీద ఒకసారి వచ్చిన అంకె, అంతే. మావాడు లెక్కలవాడు కనుక నా ఓదార్పుకన్నా ఈ అంకె వాడికి ఎక్కువ ఊరటనిచ్చింది.

ఇక నాలుగో ఊట, గుండె దడ. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాలున్నాయి. పాట పాడబోయేవారిని, ఉపన్యాసం ఇవ్వబోయేవారిని, లెక్కలు చెయ్యబోయేవారిని తీసుకుంది. "నేను ప్రశాంతంగా ఉన్నాను" అని తమకు తాము చెప్పుకున్నవారికన్నా "నాకు ఉత్సాహంగా ఉంది" అని చెప్పుకున్నవారు మెరుగ్గా చేశారు. కారణం ఊహించడం కష్టం కాదు. దడకీ ఉత్సాహానికీ ఒంట్లో జరిగే హడావుడి దాదాపు ఒకటే. పరుగెత్తుతున్న గుర్రాన్ని ఆపడంకన్నా దారి మళ్ళించడం సులువు. మావాడు తన నోటుబుక్కు అట్టమీద రాసుకున్నాడు: "దడ అంటే బండి స్టార్టయిందని."

నడకకి మెట్లు

ఇంటర్వ్యూల సంగతి ఇలా ఉండగా, రెండో జబ్బు నాక్కూడా ఉంది. ఆ సంవత్సరమే నా రక్తపరీక్షలో ఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా మధుమేహానికి గుమ్మం అని డాక్టర్లంటారు. మన దక్షిణాసియావాళ్ళకి ఈ జబ్బు తక్కువ బరువులోనే పట్టుకుంటుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో, ఆసియా సంతతివారు బి.ఎం.ఐ. 23 నుంచే పరీక్ష చేయించుకోవాలని చెప్పింది. మిగతావారికి ఆ హద్దు 25.

ఏం చెయ్యాలో నాకు తెలియక కాదు. అమెరికాలో 3,234 మంది మీద జరిగి 2002లో ఫలితాలు వెలువడిన పెద్ద అధ్యయనం ఉంది. వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం, ఒంటి బరువులో ఏడు శాతం తగ్గుదల లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో 31 శాతం తగ్గింది. ఇవన్నీ చదివి నేను ఏం చేశానంటే ట్రెడ్‌మిల్లు కొన్నాను. రెండు నెలల్లో మా ఆవిడ దానిమీద తడి తువ్వాళ్ళు ఆరేసింది. మా బేస్‌మెంటులో దానికంత ఖరీదైన దండెం మరొకటి లేదు.

తప్పెక్కడంటే నేను మొదటి రోజే నలభై నిమిషాలు పెట్టుకున్నాను. మూడో రోజు కుదరలేదు. "నావల్ల కాదు" అన్న అనుభవాన్ని నా చేతులతో నేనే తయారుచేసుకున్నాను. ఓటమి కూడా అనుభవమే కదా, అదీ నమ్మకాన్ని మారుస్తుంది, కిందికి!

ఈసారి మామా అల్లుళ్ళం కలిసి మెట్టు బాగా కిందికి దించాం. రాత్రి భోజనమయ్యాక కంచం సింకులో పెట్టగానే బూట్లు వేసుకోవాలి, పది నిమిషాలు నడవాలి. "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే ముడివేసుకుంటే ఆ పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించాడు. సమయం కుదిరినప్పుడు అనుకుంటే ఎప్పటికీ కుదరదు. అలవాటు పడడానికి ఎన్నాళ్ళు పడుతుంది? లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసి 2010లో అచ్చయిన అధ్యయనంలో మధ్యరకంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 దాకా పట్టేలా ఉంది. నాకు నచ్చిన విషయమేమిటంటే, ఒక రోజు తప్పినంతమాత్రాన అలవాటు చెడిపోలేదు. వ్రతభంగం అయిపోయిందని మనం మానేస్తాం గాని ఒంటికి ఆ పట్టింపు లేదు.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. "పద, నడకకి రా" అని నేను ఆజ్ఞాపించిన రోజున వాడు ముఖం ముడుచుకునేవాడు. "ఇవాళ ఏ వీధికి పోదాం?" అని అడిగిన రోజున ముందుగా గుమ్మంలో నిలబడేవాడు. ఎడ్వర్డ్ డెసి 1971లో చేసిన ప్రయోగంలో, ముక్కలు పేర్చే ఒక ఆటని డబ్బుకోసం ఆడిన విద్యార్థులు, డబ్బు ఆగిపోయాక తీరిక సమయంలో ఆ ఆటపై ముందున్నంత ఆసక్తి చూపలేదు. పని మనది అనిపించాలి. ఎవరి కోసమో, ఎవరి భయానికో చేసేది ఆ ఎవరో వెళ్ళిపోగానే ఆగిపోతుంది.

ఆటలో చూసినది

ఆట విషయంలో మన తెలుగునాట కళ్ళెదుట జరిగిన ఉదాహరణే ఉంది. 1980లో ప్రకాష్ పదుకోణె ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ టైటిల్ గెలిచిన తరవాత 21 ఏళ్ళకు, 2001లో, మోకాలి శస్త్రచికిత్సల నుంచి కోలుకున్న పుల్లెల గోపీచంద్ దాన్ని గెలిచాడు. ఆ తరవాత ఆయన హైదరాబాదులో గచ్చిబౌలిలో అకాడమీ పెట్టాడు. అక్కడ తర్ఫీదు పొందిన సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యం తెచ్చింది. పి.వి. సింధు 2016లో రియోలో రజతం, 2021లో జరిగిన టోక్యో పోటీల్లో కాంస్యం తెచ్చింది. శ్రీకాంత్ 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు గెలిచాడు. సౌకర్యాలు, శిక్షణ, కష్టం అన్నీ కారణాలే. కాని పక్క కోర్టులో రోజూ చెమటోడ్చే మనిషి మెడలో పతకం చూసిన పిల్లలకి "మనలాంటివాళ్ళు గెలుస్తారు" అన్నది వినికిడి కాదు, కంటికి కనిపించిన నిజం. అదే రెండో ఊట.

సింధు కథలో మొదటి ఊట కూడా ఉంది. ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో 2017లో ఒకుహర చేతిలో ఓడింది. 2018లో మళ్ళీ ఫైనల్, మారిన్ చేతిలో ఓడింది. పెద్ద ఫైనల్సులో తడబడుతుందన్న మాట అప్పట్లో గట్టిగానే వినపడింది. 2019లో బాసెల్‌లో మళ్ళీ ఫైనల్, ఎదురుగా మళ్ళీ ఒకుహర. 21-7, 21-7. బయటివాళ్ళు లెక్కపెట్టింది రెండు ఓటముల్ని. ఆమె వరసగా మూడేళ్ళు ఫైనల్ దాకా వచ్చిన అనుభవం కూడా ఆ లెక్కలో ఉండవలసిందే కదా! ఒకే సంఘటనలో ఏది లెక్కలోకి తీసుకుంటామన్నది మన చేతిలో ఉంది.

మావాడు ఇది శనివారం ఆటలో పెట్టి చూశాడు. ఆట గెలవాలన్న గురి పక్కన పెట్టి, పాయింటు పోయాక తరవాతి సర్వీసు గీత లోపల పడాలన్న ఒక్క గురే పెట్టుకున్నాడు. అలాంటివి ఎన్ని పడ్డాయో లెక్క రాసుకున్నాడు. మొదటి వారం ఎనిమిదింట మూడు. నాలుగో వారానికి తొమ్మిదింట ఏడు. ఆ పెద్దాయన మీద అప్పటికీ గెలవలేదు! ఆ సంగతి మావాడికి పెద్దగా పట్టలేదు.

రెండు జాగ్రత్తలు

ఇదంతా సర్వరోగ నివారిణి అని చెబితే అబద్ధమవుతుంది. ఒహాయో విశ్వవిద్యాలయంలో జెఫ్రీ వాంకూవర్ బృందం రహస్య సంకేతాన్ని ఊహించే ఆటతో చేసిన ప్రయోగాల్లో, నమ్మకం మరీ పెరిగినవారు అజాగ్రత్తగా ఆడి ఎక్కువ తప్పులు చేశారు. సిద్ధమయ్యే వేళ కొంచెం సందేహం ఉండడమే మంచిది. రంగంలో దిగాక నమ్మకం కావాలి.

రెండోది ఇంకా ముఖ్యం. 2023, 2024 సంవత్సరాల్లో మా రంగంలో పెద్ద కంపెనీలు వేలమందిని తీసేశాయి. వీసా పేరెత్తగానే వెనక్కి తగ్గే కంపెనీలు ఎప్పుడూ ఉన్నాయి. తలుపు మూసి ఉన్నప్పుడు తట్టినవాడికి ధైర్యం లేదనడం అన్యాయం. మావాడి పదకొండు తిరస్కారాల్లో కొన్నిటికి వాడు కారణమే కాడు. అది కూడా వాడికి ఎవరో ఒకరు లెక్కగట్టి చెప్పాలి.

మళ్ళీ సముద్రపు ఒడ్డుకి

గడియారం 73వ రోజు దగ్గర ఉండగా ఒక చిన్న భీమా కంపెనీ నుంచి వాడికి పిలుపొచ్చింది. రెండో ప్రశ్న వాడికి తెలియదు. "ఇది నేనెప్పుడూ చెయ్యలేదు. చిన్న ఉదాహరణతో మొదలుపెడతాను," అన్నాడట. మూడో ప్రశ్న వాడి బుర్రకి వినపడింది. 79వ రోజున ఉద్యోగం ఖాయమైంది. వాడు కలగన్న కంపెనీ కాదు, కలగన్న ఊరూ కాదు. మా మెట్లవల్లే వచ్చిందని నేను అనను, అదృష్టం పాలూ ఉంది. పన్నెండోది కూడా పోయి ఉంటే? పదమూడోదానికి వెళ్ళేవాణ్ణంటున్నాడు. నాకు ఆ జవాబే ఉద్యోగంకన్నా పెద్దదిగా తోచింది.

వెళ్ళేముందు రోజు నడకలో వాడు నన్ను అడిగాడు, "మామయ్యా, మరి జాంబవంతుడు చేసింది మాట చెప్పడమే కదా, అది ఎలా పనిచేసింది?" అని.

నేను ఇంటికొచ్చి ఆ ఘట్టం మళ్ళీ తీశాను. జాంబవంతుడు "ధైర్యంగా ఉండు" అని ఊరుకోలేదు. హనుమంతుడికి అతని పుట్టుక కథ చెప్పాడు. పసివాడుగా ఉండగా ఉదయిస్తున్న సూర్యుణ్ణి చూసి పండనుకుని ఆకాశంలోకి ఎగిరిన సంగతి చెప్పాడు. ఇంద్రుడి వజ్రాయుధం తగిలి పడిపోయిన సంగతి కూడా దాచకుండా చెప్పాడు. అంటే హనుమంతుడు అంతకుముందు చేసినదాన్నే తవ్వి తీసి అతని చేతికిచ్చాడు. ఆ మాటకి బలం అక్కడినుంచి వచ్చింది.

మన పిల్లలకి మనం జాంబవంతులం కావాలంటే ముందు వాళ్ళు ఏం చేశారో మనకు గుర్తుండాలి. వాళ్ళు ఇంకా ఏమీ చెయ్యకపోతే, చెయ్యడానికి ఒక చిన్న మెట్టు కట్టి పక్కన నిలబడాలి. నూరు యోజనాల లెక్క పదితోనే మొదలైంది కదా.

నా ఏ1సీ కిందటి పరీక్షలో 5.8. ఇంకా గుమ్మం దిగలేదు. కంచం సింకులో పెట్టాను, బూట్లు వేసుకోవాలి. ఉంటాను.